పాత ఆర్కేడ్ మెషీన్‌లో బొమ్మ రాకపోతే: బాగు చేయించాలా, మార్చేయాలా?

తొంభైల్లో మన గల్లీల్లో నడిచిన వీడియో గేమ్ పార్లర్లు మూతపడ్డాక మిగిలిన మెషీన్లు ఇప్పుడు గోదాముల్లోంచి, మేడ మీది రేకుల షెడ్లలోంచి ఒక్కోటీ బయటికొస్తున్నాయి. కొందరికి హైదరాబాద్ జుమేరాత్ బజార్ సామాన్ల మధ్య దొరుకుతున్నాయి. అమెరికా నుంచి వచ్చేస్తూ ఇంటి సామానుతో పాటు కంటైనర్‌లో వేసుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. ఎక్కడిదైనా ఇంటికొచ్చాక కథ ఇంచుమించు ఒకటే. ప్లగ్గు పెడితే సౌండ్ వస్తుంది, బొమ్మ రాదు. లేదా బొమ్మ వచ్చి, పది నిమిషాలు ఆడాక గేమ్ దానంతటదే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక సలహాలు మొదలు. "ట్యూబ్ పీకేసి ఎల్‌సీడీ పెట్టేయ్" అని ఒకాయన. "ఒరిజినల్ కాకపోతే దండగ" అని ఇంకొకాయన. "లోపల కంప్యూటర్ పెట్టేస్తే పోలా" అని మూడో ఆయన.

ముగ్గురూ ఏదో ఒక మెషీన్ విషయంలో కరెక్టే. మీ మెషీన్ విషయంలో ఎవరు కరెక్టో తేలాలంటే ఒక వరస ఉంది. పవర్ సంగతి మొదట తేల్చాలి. తర్వాత పిక్చర్ ట్యూబ్ బతికుందో లేదో చూడాలి. ఇంటి మెషీన్‌లో ట్యూబ్ బాగుంటే రిపేరు చేయించాలి, అది పోయిందని తేలాకే మిగతా దారుల గురించి మాట్లాడాలి. చాలామంది దీన్ని తిరగేసి, ముందు ఎల్‌సీడీ కొనేసి, తర్వాత చూస్తే పోయింది ఒక ఫ్యూజు.

## ముందు తేల్చుకోవాల్సినవి

పోయింది ఏది? మెషీన్ లోపల మూడు వేరు వేరు సామాన్లు ఉంటాయి: పవర్ సప్లై, గేమ్ బోర్డు, మానిటర్. మానిటర్‌లో మళ్ళీ రెండు: గాజు ట్యూబ్ ఒకటి, దాన్ని నడిపే చాసిస్ ఒకటి. చాసిస్ పోతే బాగుపడుతుంది, ట్యూబ్ పోతే దాదాపు బాగుపడదు.

గేమ్ ఇచ్చే సిగ్నల్ ఏమిటి? ఎనభై, తొంభైల బోర్డుల్లో ఎక్కువ భాగం 15 కిలోహెర్ట్జ్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడి వైర్ల మీద) ఇస్తాయి. మామూలు కంప్యూటర్ మానిటర్ 31 కిలోహెర్ట్జ్ నుంచి మొదలవుతుంది. అందుకే వైర్లు నేరుగా కలిపితే "అవుట్ ఆఫ్ రేంజ్" అని వస్తుంది, లేదా ఏమీ రాదు. ఆస్టరాయిడ్స్ (1979), టెంపెస్ట్ (1981) లాంటి వెక్టర్ గేమ్‌ల దారే వేరు. వాటికి గీతలు గీసే ప్రత్యేక మానిటర్ కావాలి, కింద చెప్పే కన్వర్టర్లేవీ పనికిరావు.

స్క్రీన్ నిలువా, అడ్డమా? పాక్‌మ్యాన్, గాలగా నిలువు గేమ్‌లు. స్ట్రీట్ ఫైటర్ 2 అడ్డం గేమ్. ఎల్‌సీడీ వైపు వెళ్ళేవాళ్ళకు ఈ తేడా చాలా పెద్దది.

పని చేసేది ఎవరు? ట్యూబ్ మీద టోపీలా ఉండే రబ్బరు మూత కింద 20 వేల వోల్టుల పైన ఉంటుంది. చాసిస్‌లోని పెద్ద కండెన్సర్‌లో 300 వోల్టుల పైన డీసీ నిలవుండొచ్చు. ప్లగ్గు తీసేశాక కూడా. టంకం పని ఎంత బాగా వచ్చినా, ఈ రెండింటినీ డిశ్చార్జ్ చేయడం తెలియకపోతే మానిటర్ వెనక చెయ్యి పెట్టకండి. పాత టీవీ మెకానిక్‌లు మన బస్తీల్లో ఇంకా ఉన్నారు. వాళ్ళకిది రోజూ చేసిన పనే.

ఎవరు ఆడతారు, ఎంతసేపు? ఆదివారం రెండు గంటలు ఆడే ఇంటి మెషీన్‌కూ, గచ్చిబౌలి కేఫ్‌లో పొద్దున్నుంచి రాత్రి దాకా వెలిగే మెషీన్‌కూ ఒకే సలహా చెప్పేవాళ్ళను నమ్మకండి.

## ఏదీ కొనకముందు చేయాల్సిన పరీక్ష

మెషీన్ పదేళ్ళు మూలన పడి ఉంటే ప్లగ్గు పెట్టేయకండి. ముందు వెనక తలుపు తీసి టార్చి వేసి చూడండి. దుమ్ము, బొద్దింకల గూళ్ళు, ఎలుక కొరికిన వైర్లు, చాసిస్ మీద ఎండిపోయిన బల్లి, ఇవన్నీ మన ఊళ్ళో మామూలే. బల్లి గనక చాసిస్ మీది ఏ పార్టు రెండు కాళ్ళ మధ్యనో అతుక్కుని ఉంటే షార్ట్‌కు అదే కారణం కావచ్చు. బ్రష్షుతో దులిపి, ఫ్యూజులు తీసి మీటర్‌తో చూడండి. కంటికి బాగున్న ఫ్యూజు కూడా పోయి ఉంటుంది.

తర్వాత వెనక స్టిక్కర్ చదవండి. అమెరికా మెషీన్ అయితే 115 వోల్టులు అని ఉంటుంది. కొన్నింటి ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 ట్యాప్ ఉంటుంది, దానికి మార్చుకోవచ్చు. లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. స్విచింగ్ సప్లై ఉంటే దాని పక్కన ఎర్రటి చిన్న స్విచ్ ఉంటుంది, 115, 230 అని రాసి. అది 115 మీద ఉండగా మన కరెంటు ఇస్తే కండెన్సర్ పేలిపోతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బల్బు ద్వారా. 100 వాట్ల మామూలు ఫిలమెంట్ బల్బు, ఎల్‌ఈడీ కాదు. కోఠీలో ఏ పాత మెకానిక్ బెంచీ మీద చూసినా ఈ బోర్డు కనిపిస్తుంది. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఒక మెలిక: ట్యూబ్ చుట్టూ ఉండే డీగాసింగ్ కాయిల్ (తెర మీద రంగు మరకలు పోగొట్టేది) స్విచ్ వేయగానే ఎక్కువ కరెంటు లాగుతుంది, అది చూసి షార్ట్ అనుకుంటారు. ఈ పరీక్ష అయ్యేదాకా ఆ కాయిల్ ప్లగ్గు తీసి పక్కన పెట్టండి.

ఇక ట్యూబ్. గది లైట్లు ఆపి ట్యూబ్ మెడ వైపు చూడండి. సన్నగా నారింజ రంగు వెలుగు కనిపిస్తే హీటర్ బతికున్నట్టు. మెడ లోపలి గాజు మీద వెండి రంగులో, అద్దంలా ఒక మచ్చ ఉంటుంది. అది పాలలా తెల్లబడితే ట్యూబ్‌లోకి గాలి వెళ్ళింది. ఇక దాని మీద రూపాయి కూడా పెట్టొద్దు. మచ్చ మెరుస్తూ ఉండి, మెడలో వెలుగు మాత్రం లేకపోతే ఇంకా ఆశ ఉంది. చాలా చాసిస్‌లలో హీటర్‌కు వోల్టేజి ఎల్‌ఓటీ (ట్యూబ్‌కు హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) నుంచే వస్తుంది, కాబట్టి చాసిస్ చచ్చినా మెడ చీకటిగానే ఉంటుంది.

| కనిపించేది | ఎక్కడ చూడాలి | ట్యూబ్ మీద అనుమానమా? |
|---|---|---|
| మెడలో వెలుగు లేదు, అసలేమీ లేదు | ఫ్యూజు, చాసిస్‌కు వచ్చే ఏసీ, బీ ప్లస్ (చాసిస్‌ను నడిపే ముఖ్యమైన డీసీ) వోల్టేజి | ఇప్పుడే కాదు |
| టిక్ టిక్ మని శబ్దం, బొమ్మ లేదు | హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ లేదా ఎల్‌ఓటీ షార్ట్ | కాదు |
| మధ్యలో ఒకే ఒక అడ్డం గీత | వర్టికల్ సెక్షన్: ఐసీ, కండెన్సర్లు, డ్రై సోల్డర్ (పట్టు వదిలిన టంకం) | కాదు |
| బొమ్మ పక్కలు వంకర్లు తిరగడం, కుంచించుకుపోవడం | ఫిల్టర్ కండెన్సర్లు, బీ ప్లస్ తక్కువ | కాదు |
| బొమ్మ పరిగెత్తడం, చీలిపోవడం | సింక్ వైరు (బొమ్మను కదలకుండా నిలిపే సిగ్నల్), హోల్డ్ అడ్జస్ట్‌మెంట్ | కాదు |
| ఒక రంగు లేదు | వైరు, నెక్ బోర్డు (ట్యూబ్ మెడకు తగిలించేది), ఆఖరున ట్యూబ్ | కొంచెం |
| మూలల్లో రంగు మరకలు | డీగాసింగ్ కాయిల్, దాని థర్మిస్టర్ | కాదు |
| పావుగంటకు గానీ వెలగదు, తెలుపు బూడిదలా, అంచులు అలుక్కుపోయి | ట్యూబ్ మెడలోని ఎలక్ట్రాన్ గన్ బలహీనం | అవును |

అడ్డం గీత కనిపిస్తే వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి, ఫాస్ఫర్ కాలిపోతుంది. ఒక రంగు లేనప్పుడు మెషీన్ ఆపి, మానిటర్ ఇన్‌పుట్ దగ్గర ఎరుపు, నీలం వైర్లు ఒకదాని చోట ఒకటి పెట్టి మళ్ళీ చూడండి. లేని రంగు మారిపోతే తప్పు బోర్డు వైపు. అదే రంగు ఇంకా లేకపోతే తప్పు మానిటర్ వైపు.

పట్టికలో ట్యూబ్‌ను నేరుగా దోషిగా నిలబెట్టింది ఒక్క వరసే. "ట్యూబ్ పోయింది సార్" అన్న మాట విని మోసపోకండని చెప్పడానికే ఇంత పెద్ద పట్టిక.

## పవర్ సప్లై: నాలుగు దారులు

గేమ్ దానంతటదే రీసెట్ అవుతుంటే, చెత్త అక్షరాలు వస్తుంటే, సౌండ్‌లో బొయ్ మని మోత ఉంటే బోర్డును తిట్టుకునే ముందు 5 వోల్టుల లైన్ చూడండి. ఆ కాలపు టీటీఎల్ చిప్‌లకు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. కొలిచేది సప్లై దగ్గర కాదు, బోర్డు మీద. జామా (చాలా ఆర్కేడ్ బోర్డులకు ఒకే రకంగా ఉండే కనెక్టర్) బోర్డైతే 3, 4 పిన్నుల దగ్గర ప్లస్ 5, 1, 2 పిన్నులు గ్రౌండ్. సప్లై దగ్గర 5.05 చూపించి బోర్డు మీద 4.6 ఉందంటే మధ్యలో వైరింగు, కనెక్టర్ మింగేస్తున్నాయి. బోర్డు అంచున నల్లబడిన రాగి పళ్ళను మామూలు రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సగం జబ్బులు అక్కడే తగ్గుతాయి. కనెక్టర్ ప్లాస్టిక్ కాలి గోధుమరంగైతే మాత్రం దాన్ని మార్చేయాల్సిందే. నల్లబడిన పళ్ళను వదిలేసి, వోల్టేజి చాలట్లేదని సప్లై స్క్రూ తిప్పి పెంచేవాళ్ళు ఉన్నారు. తర్వాత ఎవరో కనెక్టర్ శుభ్రం చేయగానే ఆ ఎక్కువ వోల్టేజంతా బోర్డు నెత్తిన పడుతుంది.

మీటర్‌ను ఏసీలో పెట్టి అదే 5 వోల్టుల లైన్ మీద చూడండి. 50 మిల్లీవోల్టులు దాటి ఉంటే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని నేను అనుకుంటాను.

| దారి | మంచి | చెడు | ఎవరికి |
|---|---|---|---|
| పాత ట్రాన్స్‌ఫార్మర్ సప్లైని బాగు చేయడం | మెషీన్ అసలు రూపం నిలుస్తుంది, ఆడియోకు, లైట్లకు కావాల్సిన విడి వోల్టేజీలూ అక్కడే దొరుకుతాయి | బరువు, వేడి, కనెక్టర్లు కాలడం | అసలు మెషీన్ కావాలనుకునేవాళ్ళకు |
| ఆర్కేడ్ స్విచింగ్ సప్లై | ప్లస్ 5, ప్లస్ 12, మైనస్ 5 మూడూ ఒకే డబ్బాలో, 5 వోల్టులను సర్దుకునే స్క్రూ | నాణ్యత డబ్బా డబ్బాకూ మారుతుంది | జామా మెషీన్లున్న ఎక్కువమందికి |
| పరిశ్రమల్లో వాడే మూడు అవుట్‌పుట్‌ల ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ సప్లై) | నిక్కచ్చి, రోజంతా నడుస్తుంది | ఖరీదు ఎక్కువ, బిగించడానికి పని | కేఫ్‌లకు, ఎక్కువ గంటలకు |
| కంప్యూటర్ ఏటీఎక్స్ | సీటీసీలో (సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్) ఎప్పుడైనా దొరుకుతుంది | 5 వోల్టులు సర్దలేం, కొత్తవాటిలో మైనస్ 5 లేదు | లోపల కంప్యూటర్ పెట్టుకున్నవాళ్ళకు |

పాత సప్లై బాగు చేయడం అనుకున్నంత కష్టం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ పోవడం అరుదు. పోయేవి పెద్ద ఫిల్టర్ కండెన్సర్, బ్రిడ్జ్ రెక్టిఫయర్, ఫ్యూజు హోల్డర్లు. అటారీ మెషీన్లలో నీలం రంగు పెద్ద కండెన్సర్ ఉంటుంది, అక్కడివాళ్ళు దానికి "బిగ్ బ్లూ" అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. అది ముసలిదైతే సౌండ్‌లో మోత, గేమ్‌లో రీసెట్లు రెండూ మొదలవుతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో ఇలాంటి కండెన్సర్లు, బ్రిడ్జ్‌లు దొరుకుతాయి. కొనేటప్పుడు మైక్రోఫారడ్ అంతే లేదా కొంచెం ఎక్కువ, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం అడగండి. మెషీన్ లోపలి వేడికి 85 డిగ్రీల రకం మన ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ కాలం ఉండదు.

మైనస్ 5 వోల్టుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. తొంభైల జామా బోర్డుల్లో చాలావాటికి అది అక్కర్లేదు, కొన్నింటికి సౌండ్‌కు మాత్రమే కావాలి. డిఫెండర్ (1981) లాంటి పాత విలియమ్స్ బోర్డుల సంగతి వేరు. వాటిలోని 4116 మెమరీ చిప్‌లకు మైనస్ 5 లేకుండా మిగతా వోల్టేజీలు తగిలితే చిప్‌లే పోతాయి. ఏటీఎక్స్ సప్లై తెచ్చి ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపి "నడిచింది" అని సంబరపడేవాళ్ళు ముందు ఈ ఒక్కటి చూసుకోవాలి.

ఇక మన ఊరి కరెంటు. పోయి వచ్చేటప్పుడే దెబ్బ తగులుతుంది. పోగానే మెషీన్ స్విచ్ ఆపేసి, వచ్చాక కాసేపు ఆగి వేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మెషీన్‌ను స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడపకండి, మూలుగుతూ వేడెక్కుతుంది. ఎర్తింగ్ లేని పాత ఇళ్ళలో కాయిన్ డోర్ ముట్టుకుంటే జివ్వుమంటుందని చెబుతుంటారు. అది మెషీన్ తప్పు కాదు, మూడో పిన్నుకు వైరు లేకపోవడం. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

నా ఓటు: ఒరిజినల్ సప్లై పని చేసే స్థితిలో ఉంటే కండెన్సర్లు మార్చి అదే ఉంచండి. లేకపోతే సర్దుకునే స్క్రూ ఉన్న ఆర్కేడ్ స్విచింగ్ సప్లై. మొదటిసారి బోర్డు తగిలించకుండా వోల్టేజి కొలిచి, తర్వాత బోర్డు తగిలించి మళ్ళీ కొలవండి.

## బొమ్మ: ట్యూబ్ ఉంచాలా, తీసేయాలా

### అదే మానిటర్‌ను బాగు చేయించడం

ఇంటి మెషీన్‌లో ట్యూబ్ బాగుంటే ఇదే దారి, ఇంకో ఆలోచన వద్దు. చాసిస్‌లోని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లన్నీ ఒకేసారి మార్చేయడం, ఎల్‌ఓటీ కాళ్ళ దగ్గర, కనెక్టర్ల దగ్గర డ్రై సోల్డర్‌లకు మళ్ళీ టంకం వేయడం. ఈ రెండింటితోనే చాలా మానిటర్లు లేచి కూర్చుంటాయి. సామాను ఖర్చు వందల్లో ఉంటుంది, మెకానిక్ కూలీ వేరు.

కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు, వర్టికల్ ఐసీలు ఇక్కడే దొరుకుతాయి. ఇబ్బంది ఎల్‌ఓటీ దగ్గర. అమెరికా, జపాన్ చాసిస్‌ల ఎల్‌ఓటీ మన టీవీలకు సరిపోయేది కాదు. నంబరు చూసి బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, పోస్టేజీ, కస్టమ్స్ కలిపి తడిసి మోపెడవుతుంది. ఎల్‌ఓటీ పగిలి నిప్పురవ్వలు వస్తున్న మెషీన్ బేరమాడుతుంటే ఈ ఖర్చు లెక్కలో పెట్టుకుని ధర తగ్గించమనండి.

మెకానిక్‌కు ఇచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పాలి. పాత అమెరికన్ మానిటర్లలో చాలావాటికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మెషీన్ కింద చెక్కకు బిగించి ఉంటుంది. చాసిస్ ఒక్కటే బెంచీ మీదకు తీసుకెళ్ళి నేరుగా కరెంటు ఇస్తే ఫ్యూజు ఎగరడం ఒకటి, చాసిస్ రేకు ముట్టుకున్నవాడికి షాకు ఇంకొకటి. ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకెళ్ళండి. గేమ్ బోర్డు కూడా ఇస్తే ఇంకా మంచిది, లేకపోతే ఆయన సిగ్నల్ లేని నల్ల తెర చూసి ఏం చెప్పగలడు?

బీ ప్లస్ ఎంత ఉండాలో చాసిస్ మోడల్‌ను బట్టి ఉంటుంది. ఎలక్ట్రోహోమ్ జీ07కు 120 వోల్టులు, వెల్స్ గార్డ్‌నర్ కే7000కు 123. బొమ్మ చిన్నగా ఉందని ఇది పెంచేస్తే హై టెన్షన్ పెరిగి ఎల్‌ఓటీకే ఎసరు వస్తుంది.

### మన టీవీ ట్యూబ్, టీవీ చాసిస్ ఎక్కించడం

ట్యూబ్ పోయి, కానీ గాజు తెర మెరుపే కావాలనుకునేవాళ్ళ దారి. ఒనిడా, బీపీఎల్, వీడియోకాన్ 21 అంగుళాల టీవీలు పాత సామాను కొనేవాళ్ళ దగ్గర ఇంకా కనిపిస్తాయి. మంచి ట్యూబ్ ఉన్న టీవీ దొరికితే రెండు పద్ధతులు.

ఒకటి, టీవీని టీవీగానే వాడి, ఆర్‌జీబీని ఏవీగా మార్చే చిన్న బోర్డు పెట్టడం. తేలిక. కానీ ఎర్రటి అక్షరాల అంచులు అలుక్కుపోతాయి, ఆర్కేడ్ బొమ్మ పదును పోతుంది. రెండోది, టీవీ ఐసీకి స్క్రీన్ మీద మెనూ చూపించడానికి వచ్చే ఆర్‌జీబీ కాళ్ళ దగ్గర మన గేమ్ సిగ్నల్‌ను తగిన రెసిస్టర్లతో ఇవ్వడం. బొమ్మ అద్భుతంగా వస్తుంది. అయితే సర్క్యూట్ డయాగ్రమ్ చదవగల మనిషి కావాలి, ఆ టీవీకి కరెంటు లైన్ నుంచి విడిగా ఉండే ఎస్‌ఎంపీఎస్ ఉండాలి. హాట్ చాసిస్ (కరెంటు లైన్‌తో నేరుగా కలిసి ఉండేది) ఉన్న టీవీలో గేమ్ బోర్డు కలపడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

మన టీవీలు 50 హెర్ట్జ్ పాల్ కోసం చేసినవి, గేమ్‌లు దాదాపు 60 ఇస్తాయి. తొంభైల చివరి టీవీల్లో చాలావరకు రెండూ పట్టుకుంటాయి, ఎత్తు ఒకసారి సర్దాలంతే. 55 హెర్ట్జ్ దగ్గర నడిచే కొన్ని బోర్డులను కూడా పట్టుకోగలవు, హోల్డ్ కొంచెం తిప్పితే.

"చైనా కిట్ వేసేద్దాం సార్" అని కొందరు మెకానిక్‌లు అంటారు. ఏ ట్యూబ్‌కైనా వేయగలిగే చవక బోర్డు అది. పాత ఆర్కేడ్ ట్యూబ్‌ను దానితో నడపాలంటే యోక్ కాయిల్ (ట్యూబ్ మెడకు చుట్టి ఉండే తీగ చుట్ట) రెసిస్టెన్స్, ఇండక్టెన్స్ కలవాలి. కలవకపోతే బొమ్మ వెడల్పు రాదు, ట్రాన్సిస్టర్ వేడెక్కి పోతుంది. నేనైతే టీవీ ట్యూబ్, దాని యోక్, దాని చాసిస్ మూడూ ఒకే టీవీ నుంచి తీసుకుంటాను. కొలతలు ముందే చూసుకోండి: మన 21 అంగుళాల ట్యూబ్ తెర 51 సెంటీమీటర్లు, అమెరికన్ 19 అంగుళాలది 48 దాకా. ఆ మూడు సెంటీమీటర్లకు ముందున్న బెజెల్ (తెర చుట్టూ ఉండే చట్రం) కోయాల్సి రావచ్చు. కోసిన బెజెల్ మళ్ళీ అతకదు.

### ఎల్‌సీడీ, కన్వర్టర్ బోర్డు

ట్యూబ్ పోయి, టీవీ తంటాలు పడే ఓపిక లేకపోతే ఇది మర్యాదైన దారే. సీటీసీలో పాత 17, 19 అంగుళాల చదరం మానిటర్లు దొరుకుతాయి. అవి 1280, 1024 రిజల్యూషన్‌తో 5:4 నిష్పత్తి, గేమ్ 4:3. కొంచెం సాగుతుంది, అది పెద్ద విషయం కాదు. 1600, 1200 తెర ఉన్న 20 అంగుళాల పాత మానిటర్ దొరికితే వదలొద్దు, అది అచ్చంగా 4:3.

15 కిలోహెర్ట్జ్‌ను కంప్యూటర్ మానిటర్‌కు పట్టే వీజీఏకు మార్చడానికి ఎక్కువమంది వాడేది జీబీఎస్-8200 అనే కన్వర్టర్ బోర్డు. 5 వోల్టుల మీద నడుస్తుంది, మెషీన్ సప్లై నుంచే ఇవ్వొచ్చు. ఆర్కేడ్ బోర్డు ఇచ్చే రంగుల వోల్టేజి వీజీఏ ప్రమాణం 0.7 కన్నా చాలా ఎక్కువ, కాబట్టి రంగులు కాలిపోయినట్టు వస్తే బోర్డు మీది చిన్న స్క్రూలు తగ్గించండి, చాలకపోతే వరుసలో రెసిస్టర్లు. సింక్ వైరును మర్చిపోకండి: జామాలో ఎరుపు 12, నీలం 13, ఆకుపచ్చ ఎన్, సింక్ పీ. దీనికన్నా మెరుగైనవి ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్. జాప్యం చాలా తక్కువ, ఖరీదు చాలా ఎక్కువ.

జాప్యం ఎవరికి తెలుస్తుంది? పాక్‌మ్యాన్ ఆడే పిల్లలకు తెలియదు. స్ట్రీట్ ఫైటర్‌లో దెబ్బకు దెబ్బ లెక్కపెట్టి ఆడినవాడికి రెండు రౌండ్లలో తెలిసిపోతుంది, "బటన్ నొక్కితే లేటుగా కొడుతోందిరా" అంటాడు.

నిలువు గేమ్‌కు ఇంకో చిక్కు. పాత చవక ఎల్‌సీడీలు టీఎన్ రకం. కింది నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి. మానిటర్‌ను నిలువుగా తిప్పగానే ఆ కింది వైపు పక్క వైపవుతుంది. పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్న తమ్ముడికి సగం తెర నల్లగా కనిపిస్తుంది. నిలువు మెషీన్‌కు, పక్క నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ మానిటరే వెతకండి.

తుపాకీ గేమ్‌లున్నవాళ్ళు జాగ్రత్త. టైమ్ క్రైసిస్ (1995) లాంటివి ట్యూబ్ మీద వెలుగు చుక్క కదలికను చూసి గురి లెక్కేస్తాయి, ఎల్‌సీడీ మీద అసలు పని చేయవు. ఆపరేషన్ వోల్ఫ్ తుపాకీ స్టాండుకు బిగించి ఉంటుంది, లోపల పొటెన్షియోమీటర్లతో నడుస్తుంది కాబట్టి దానికి ఏ తెరైనా ఒకటే.

### బోర్డుతో సహా అన్నీ మార్చేయడం

అరవై గేమ్‌ల బోర్డు, దాని వీజీఏ, ఒక ఎల్‌సీడీ. సాయంత్రానికి అయిపోతుంది. కానీ అప్పుడు మీ దగ్గరున్నది పాత చెక్క పెట్టె మాత్రమే. ఒరిజినల్ గేమ్ బోర్డు పూర్తిగా పోయిన మెషీన్‌కు తప్ప దీన్ని నేను సూచించను.

| | అదే మానిటర్ రిపేరు | టీవీ ట్యూబ్ | ఎల్‌సీడీ | అన్నీ మార్చడం |
|---|---|---|---|---|
| బొమ్మ అసలుదనం | పూర్తిగా | చాలావరకు | తక్కువ | లేదు |
| హైదరాబాద్‌లో సామాను | ఎల్‌ఓటీ తప్ప అన్నీ | వెతకాలి | సులువు | సులువు |
| ప్రమాదం | ఎక్కువ | అన్నిటికన్నా ఎక్కువ | తక్కువ | తక్కువ |
| వెనక్కి తిప్పగలమా | అవసరమే రాదు | కష్టం | అవును, పాతది దాచితే | బోర్డు దాచితే |
| రోజంతా నడపడం | వేడి, అరుగుదల | వేడి, అరుగుదల | బాగుంటుంది | బాగుంటుంది |
| జాప్యం | లేదు | లేదు | ఉంటుంది | బోర్డును బట్టి |

## మీరు వీళ్ళలో ఎవరు

ఇంట్లో పెట్టుకుని చిన్నప్పటి గేమ్ ఆడాలనుకునేవాళ్ళు: ట్యూబ్ బాగుంటే రిపేరు, పాత సప్లైకి కండెన్సర్లు. ఆడేది వారానికి ఒకసారే కాబట్టి ట్యూబ్ అరుగుదల గురించి దిగులు వద్దు. ట్యూబ్ పోయి ఉంటే ఎల్‌సీడీ పెట్టి ఆడుకుంటూ, నెమ్మదిగా ట్యూబ్ కోసం వెతకండి. బెజెల్ కోయకుండా బిగిస్తే ఎప్పుడైనా వెనక్కి రావచ్చు.

కేఫ్, హోటల్ నడిపేవాళ్ళు: ట్యూబ్ బాగున్నా సరే ఎల్‌సీడీకే నా ఓటు. రోజుకు పన్నెండు గంటలు వెలిగితే స్కోరు బోర్డు అచ్చు ట్యూబ్ మీద పడిపోతుంది, ఉన్న మంచి ట్యూబ్ పాడవుతుంది. పైగా మెషీన్ వెనక తలుపు తెరిచి చూసే కుతూహలం ఉన్న పిల్లలు మీ దగ్గరకు వస్తారు. పవర్‌కు పరిశ్రమల రకం ఎస్‌ఎంపీఎస్, వెనక ఒక ఫ్యాన్, కరెంటు లైన్‌లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్).

స్ట్రీట్ ఫైటర్ పిచ్చి ఉన్నవాళ్ళు, టైమ్ క్రైసిస్ లాంటి తుపాకీ గేమ్ ఉన్నవాళ్ళు: ట్యూబ్ తప్ప వేరే మాట లేదు. ఎల్‌ఓటీ బయటి దేశం నుంచి తెప్పించాల్సి వచ్చినా అదే చవక.

కొని అమ్మాలనుకునేవాళ్ళు: ఏదీ మార్చకండి. దుమ్ము దులిపి, కనెక్టర్లు శుభ్రం చేసి, వెలిగే స్థితిలో ఫోటో తీయండి. కొనేవాడికి ఒరిజినల్ చాసిస్, ఒరిజినల్ సప్లై ఉండటమే విలువ. ట్యూబ్ మెడ దగ్గర వెండి మచ్చ కనిపించేలా ఒక ఫోటో పెడితే తెలిసినవాడు బేరం తక్కువ ఆడతాడు.

ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటున్న కుర్రాళ్ళు: సప్లై వైపు మీరే చేయండి. మానిటర్ వైపు మాత్రం మొదటి రెండు మూడుసార్లు టీవీ మెకానిక్ పక్కన కూర్చుని చూడండి. డిశ్చార్జ్ చేసే వైరు ట్యూబ్ వెనక ఉన్న జడలాంటి గ్రౌండ్ తీగకు తగిలించాలని, చాసిస్ గ్రౌండ్‌కు కాదని ఆయన చేతిలో చూస్తే బాగా గుర్తుంటుంది.

ఎల్‌సీడీకి మారేవాళ్ళు తీసేసిన మానిటర్‌ను పడేయకండి. ట్యూబ్ మెడ చాలా సున్నితం, తగిలితే గాలి లోపలికి వెళ్ళి ట్యూబ్ దండగవుతుంది. తెర వైపు కింద పెట్టి, మందపాటి దుప్పటి మీద, మెడ పైకి ఉండేలా నిలపండి. చాసిస్, యోక్ విడదీయకుండా ఉంచి, మోడల్ నంబరు ఒక కాగితం మీద రాసి అతికించండి. ట్యూబ్ నిజంగానే చచ్చిందంటే చెత్తబండిలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి, ఆ గాజులో సీసం ఉంటుంది. చాసిస్ మాత్రం దాచండి. దాని మీది ఎల్‌ఓటీ కోసం ఇంకో మెషీన్ యజమాని ఎక్కడో వెతుకుతూ ఉంటాడు.